కంటి గాయం మాన్పే కొత్త జెల్లు – మనం తెలుసుకోవలసింది, మనం అడగవలసింది

(పావగడ తాలూకా అరసికెరెలో జరిగిన మిల్లు కార్మిక కుటుంబాల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం. సభ్యులు కోరినందున ఇక్కడ అచ్చు వేస్తున్నాము.)



ఈ రోజు నేను బోనస్ గురించి మాట్లాడతానని మీరంతా అనుకొని ఉంటారు. బోనస్ సంగతి వచ్చే సమావేశంలో మాట్లాడుకుందాం. ఈ రోజు కంటి గురించి చెప్పాలి. ఎందుకో ముందు చెబుతాను.

పది రోజుల కిందట నా పాత జతగాడి కొడుకు మా ఇంటికి వచ్చాడు. చేతిలో రంగుల కరపత్రం ఉంది. "చిన్నాయనా, నాయన కంట్లో పువ్వు కరిగిపోయేదానికి కొత్త సూది వచ్చిందంట. ఎక్సోజోములంట. మూడు సూదులు వేస్తారంట. రెండెకరాల చేను కుదువ పెడదామనుకుంటున్నా. నువ్వేమంటావు?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ఎక్సోజోములు అన్న మాట నేను ఎప్పుడూ వినలేదు. అదొక్కటే కాదు. వాళ్ళ నాయన కన్ను పోవడంలో నా చేయి కూడా ఉంది. ఆ సంగతి ఇన్నేళ్ళుగా ఏ సభలోనూ చెప్పలేదు. ఈ రోజు చెబుతున్నాను.

1991లో నేను బదిలీ కార్మికుణ్ణి. రంగుల సెక్షన్‌లో ఇద్దరం కలిసి కాస్టిక్ సోడా నీళ్ళు కలుపుతున్నాం. బకెట్ జారి మందు ఎగిరి అతని ఎడమ కంట్లో పడింది. అతను కేక వేసి కూలబడిపోయాడు. నేను పరుగెత్తుకు వెళ్ళి, చేతికి దొరికిన వేస్టు కాటన్‌తో తుడిచాను. చిన్నప్పుడు మా అవ్వ కంటి మంటకు ఆముదం వేసేది. అది గుర్తుకొచ్చి, మిషన్ల దగ్గర ఎవరో తలకు రాసుకోవడానికి పెట్టుకున్న ఆముదం తెచ్చి రెండు చుక్కలు పోశాను. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. సెక్షన్‌లో కొళాయి లేదు. ఉన్న ఒక్క కొళాయి క్యాంటీను దగ్గర. గేటు పాసు రాయించుకొని, ఆటో పట్టుకొని ఆసుపత్రికి పోయేసరికి గంట దాటింది. డాక్టరు అడిగిన మొదటి మాట ఒకటే: "నీళ్ళతో కడిగారా?"

కడగలేదు. ఆ కన్ను పోయింది.

అందుకే ఆ అబ్బాయికి నోటికొచ్చిన జవాబు చెప్పకూడదని అనుకున్నాను. తెలిసిన ఒక కంటి డాక్టరుగారి దగ్గర కూర్చున్నాను. హైస్కూలు సైన్సు మాస్టారిని పట్టుకొని ఇంగ్లీషు కాగితాలు చదివించుకున్నాను. మన తాలూకాలో ఇంట్లో తెలుగు మాట్లాడతాం, కచేరీలో కన్నడం మాట్లాడతాం, మందుల చీటీ మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. అందువల్లనే మోసపోతుంటాం. నేను తెలుసుకున్నది మన మాటల్లో చెబుతాను.

పువ్వు ఎలా పడుతుంది?

కంటి నల్లగుడ్డు మీద ఒక అద్దం లాంటి పొర ఉంది. దాన్నే కార్నియా అంటారు. మందం అర మిల్లీమీటరుకు కొంచెం అటూ ఇటూ. అందులో రక్తనాళాలు లేవు. గాలి నుంచి, కన్నీటి నుంచి తనకు కావలసిన ప్రాణవాయువు తీసుకుంటుంది. దాని లోపల కొలాజెన్ అనే పోగులు వరుస తప్పకుండా పరుచుకొని ఉంటాయి. పడుగు సరిగ్గా పట్టిన మగ్గం మీద ఒక్క పోగు కూడా చిక్కుపడకుండా ఎలా ఉంటుందో అలా ఉంటాయి. అందువల్లనే వెలుతురు లోపలికి పోతుంది, మనకు చూపు ఉంటుంది.

గాయమైనప్పుడు అక్కడి కణాలు హడావుడిగా అతుకు వేస్తాయి. రక్తంలోని తెల్లకణాలు గుంపులుగా వచ్చి పడతాయి. అవి క్రిములను చంపడానికి వచ్చేవే. కానీ నిప్పార్పడానికి వచ్చినవాళ్ళు మిగిలిన బట్టను కూడా తడిపి పాడుచేసినట్టు, అవి మంచి పొరను కూడా దెబ్బతీస్తాయి. అతుకు పడుతుంది గాని పోగుల వరుస పోతుంది. చిక్కుపడిన దారం ముద్ద లాగా తెల్లటి మచ్చ మిగులుతుంది. మనం పువ్వు అనేది ఆ మచ్చనే. చేతి మీద మచ్చ పడితే పని ఆగదు. నల్లగుడ్డు మధ్యలో మచ్చ పడితే చూపు ఆగిపోతుంది.

మన పనిలో ఇది ఎలా వస్తుందో మీకు నేను చెప్పాలా? మగ్గం మీద నుంచి ఎగిరిన షటిల్, వర్క్‌షాపులో సాన రాయి నుంచి లేచిన ఇనుప రజను, బ్లీచింగులో సున్నం, క్లోరిన్, రంగుల సెక్షన్‌లో కాస్టిక్. వీటన్నిటిలో కాస్టిక్, సున్నం లాంటి క్షారాలు అతి చెడ్డవి. ఆసిడ్ పడితే పై పొర గడ్డకట్టి, లోపలికి పోయే దారిని కొంతవరకు అడ్డుకుంటుంది. క్షారం అలా ఆగదు. కొవ్వును సబ్బు చేసి, లోపలికి తొలుచుకుంటూ పోతుంది. పైగా నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో మూలకణాలు ఉంటాయి. కార్నియా పై పొరను ఎప్పటికప్పుడు కొత్తగా తయారు చేసేవి అవే. క్షారం వాటినీ చంపేస్తుంది.

చీటీ మోసే తిత్తులు

ఇక ఆ కొత్త సంగతికి వస్తాను. శాస్త్రజ్ఞులు మొదట మూలకణాలను గాయం మీద పెట్టి చూశారు. చచ్చిన కణాల స్థానంలో ఈ కొత్త కణాలు కూర్చుంటాయి, బదిలీ వర్కరు వచ్చి ఖాళీ మిషను పట్టుకున్నట్టు పని చేస్తాయి అనుకున్నారు. చాలాచోట్ల తేలినదేమిటంటే, పెట్టిన కణాలు ఎక్కువ రోజులు నిలవవు. అయినా గాయం బాగా మానుతోంది. మరి ఎవరు మాన్పుతున్నారు?

ప్రతి కణమూ తనలోంచి చాలా చిన్న తిత్తులను బయటికి వదులుతుంది. ఇంగ్లీషులో ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అంటారు. వాటిలో ఒక రకం పేరు ఎక్సోజోములు. ఎంత చిన్నవంటే, మనం రోజూ చూసే ఒక పత్తి పీచు మందంలో అడ్డంగా సుమారు వంద తిత్తులు పట్టవచ్చు. 1983లో కెనడాలో రోజ్ జాన్‌స్టోన్ అనే ఆమె బృందం, అమెరికాలో మరొక బృందం ఎదుగుతున్న ఎర్రకణాలు ఇలాంటి తిత్తులను వదలడం చూశారు. చాలాకాలం వీటిని కణం బయట పారేసే చెత్త అనుకున్నారు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు, ఈ తిత్తులు ఒక కణం నుంచి ఇంకో కణానికి ఆర్.ఎన్.ఎ. అనే సందేశాన్ని మోసుకుపోతున్నాయని చూపించారు. అంటే అది చెత్త కాదు, చీటీ! మేస్త్రీ తాను రాకుండా "ఫలానా పని ఆపు, ఫలానా పని మొదలుపెట్టు" అని చీటీ రాసి పంపినట్టు.

కంటి విషయంలో జరిగిన పరీక్ష మనకు ముఖ్యం. 2014లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంవారు, మన హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థకు చెందిన డాక్టర్ సయన్ బసు కలిసి ఒక పని ప్రకటించారు. మనిషి కంటి అంచు నుంచి తీసిన కణాలను ఫైబ్రిన్ అనే జిగురులో కలిపి ఎలుకల కంటి గాయాల మీద పెడితే మచ్చ పడకుండా ఆగింది. ఫైబ్రిన్ అంటే రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే జిగురే. 2019లో పిట్స్‌బర్గ్‌వారే ఇంకో అడుగు వేశారు. కణాలను పక్కన పెట్టి, వాటి తిత్తులను మాత్రమే వాడారు. ఎలుకల కళ్ళలో కణాలు మచ్చను ఎంత తగ్గించాయో తిత్తులు కూడా అంతే తగ్గించాయి. తెల్లకణాల గుంపు రావడం ఆగింది.

ఇందులో గమనించవలసినవి రెండు ఉన్నాయి. మూత్రపిండం నుంచి వచ్చిన వేరే రకం కణాల తిత్తులు పెడితే ఏ ఫలితమూ లేదు. తిత్తి లోపలి ఆర్.ఎన్.ఎ. తగ్గించి పెడితే అప్పుడూ మచ్చ ఆగలేదు. అంటే ఎవరి చీటీ అయినా పని చేయదు, ఖాళీ కవరు అసలే పని చేయదు. పని తెలిసిన మేస్త్రీ రాసిన చీటీయే కావాలి. ఈ మాట గుర్తుంచుకోండి, కరపత్రం దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

జెల్లు ఎందుకు?

తిత్తులను నీళ్ళలో కలిపి కంట్లో చుక్కలుగా వేయవచ్చు కదా అని నేను కూడా అడిగాను. కంట్లో వేసిన చుక్క కొన్ని నిమిషాల్లో కన్నీటితో కొట్టుకుపోతుంది. మన మెట్ట చేనులో బిందెతో ఒక్కసారి నీళ్ళు కుమ్మరిస్తే మొక్కకు ఎంత అందుతుంది? అదే నీటిని డ్రిప్పు పైపుతో బొట్టు బొట్టుగా వదిలితే వేరుకు అందుతుంది. జెల్లు చేసేది డ్రిప్పు పైపు పని. తిత్తులను గాయం దగ్గరే పట్టి ఉంచి, నెమ్మదిగా వదులుతుంది. గాయానికి తడిగా ఉండే కప్పు కూడా అవుతుంది. రొయ్యల పెంకు నుంచి తీసే కైటోసాన్‌తో చేసిన ఒక రకం జెల్లు ఉంది. చల్లగా ఉన్నప్పుడు నీళ్ళలా ఉంటుంది, ఒంటి వేడి తగలగానే గట్టిపడుతుంది. వేడికి తెల్లసొన గట్టిపడినట్టే. చైనా శాస్త్రజ్ఞులు ఎక్సోజోములను అలాంటి జెల్లులో కలిపి జంతువుల కంటి గాయాల మీద పరీక్షించి, 2022లో ఆ ఫలితాలు ప్రకటించారు.

హైదరాబాదులో మనవాళ్ళు

ఇదంతా సముద్రాల అవతలి సంగతి కాదు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థను 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించారు. సినిమా దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబం స్థలం, డబ్బు ఇచ్చింది. డబ్బు లేనివారికి ఖర్చు లేకుండా వైద్యం చేసే పద్ధతి అక్కడ మొదటి నుంచీ ఉంది. ఆ సంస్థవారూ, ఐ.ఐ.టి. హైదరాబాదువారూ కలిసి, దానం చేసిన మనుషుల కార్నియాల నుంచే ఒక జెల్లు తయారు చేశారు. మార్పిడికి పనికిరాని కార్నియాలలో కణాలను కడిగి తీసేసి, మిగిలిన పదార్థాన్ని జెల్లుగా మారుస్తారు. కుందేళ్ళ కంటి గాయాల మీద పోస్తే మచ్చను అడ్డుకుంది. ఆ ఫలితాన్ని 2023లో ప్రకటించారు. అంతకు ముందు 2022లో సి.సి.ఎం.బి.తో కూడా కలిసి, అలాంటి పదార్థంతో ముద్రించిన కార్నియాను కుందేలు కంటికి అమర్చారు. ఈ జెల్లులో తిత్తులు కలపలేదు గాని, రెండు దారులూ పోయేది ఒకే ఊరికి. గాయం మానాలి, మచ్చ పడకూడదు.

మరి ఆ సూది?

ఇప్పుడు అబ్బాయి అడిగిన ప్రశ్నకు వస్తాను. చేను కుదువ పెట్టాలా?

వద్దు. కారణాలు చెబుతాను.

మొదటిది, నేను పైన చెప్పినవన్నీ ఎలుకలు, కుందేళ్ళు, అలాంటి జంతువుల మీద జరిగిన పరీక్షలు. రెండవది, ఆ గాయాలన్నీ పచ్చి గాయాలు. మచ్చ పడకముందే మందు పెట్టారు. ముప్పై ఏళ్ళకు పైగా గట్టిపడిన పువ్వును కరిగించినట్టు అక్కడ ఎవరూ చూపించలేదు. మూడవది, ఆ కరపత్రంలో తిత్తులు ఏ కణాల నుంచి తీశారో లేదు, ఎవరు అనుమతి ఇచ్చారో లేదు. ఎవరి చీటీయో తెలియని కవరు అది. నాలుగవది, 2019 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. ప్రజలను హెచ్చరించింది. అనుమతి లేని ఎక్సోజోము ఇంజక్షన్ల వల్ల కొందరికి తీవ్రమైన హాని జరిగిందనీ, తాను ఆమోదించిన ఎక్సోజోము మందు ఒక్కటి కూడా లేదనీ చెప్పింది.

పరీక్ష దశలో ఉన్న మందును మనిషికి ఇవ్వాలంటే ఒక పద్ధతి ఉంది. దాన్ని క్లినికల్ ట్రయల్ అంటారు. మన దేశంలో దానికి 2019 నాటి నిబంధనలు ఉన్నాయి. ఔషధ నియంత్రణ అధికారి అనుమతి, నైతిక సంఘం అనుమతి, మీకు తెలిసిన భాషలో చెప్పి తీసుకునే అంగీకార పత్రం ఉండాలి. ట్రయల్‌లో పరీక్షించే మందుకు రోగి దగ్గర డబ్బు గుంజే మనిషి కనబడితే, ముందు లేచి వచ్చేయండి, తరువాత యూనియన్‌కు చెప్పండి.

అయితే ఆ కంటికి ఏ దారీ లేదా? ఉండవచ్చు. ఒక కన్ను బాగుండి, ఇంకొకటి క్షారంతో కాలినవారికి 2012లో హైదరాబాదు డాక్టర్లు స్లెట్ అనే ఆపరేషన్ ప్రకటించారు. బాగున్న కంటి అంచు నుంచి చాలా చిన్న ముక్క తీసి, దాన్ని ఇంకా చిన్న తునకలుగా చేసి, కాలిన కంటి మీద నాటుతారు. నారు తీసి నాటినట్టే. పై పొర మళ్ళీ పెరుగుతుంది. ఆ తరువాత కొందరికి కార్నియా మార్పిడి కూడా చేస్తారు. అందరికీ కుదరదు, చూసి చెప్పవలసింది డాక్టరే. ఆ అబ్బాయి వాళ్ళ నాయనను బెంగళూరు మింటో ఆసుపత్రికి తీసుకుపోయాడు. అది ప్రభుత్వ ఆసుపత్రి. పరీక్షలు జరుగుతున్నాయి. చూపు వస్తుందో రాదో నేను చెప్పలేను. చేను మాత్రం వాళ్ళ పేరు మీదే ఉంది.

ఈ రోజు మన చేతిలో ఉన్నవి

జెల్లు వచ్చేదాకా మన కంటిని కాపాడేది నీళ్ళు. కాస్టిక్, సున్నం, ఆసిడ్, ఏది పడినా వెంటనే, ఆ క్షణమే, రెప్పలు తెరిచి పట్టుకొని ధారగా నీళ్ళు పోయండి. అర గంట దాకా ఆపకండి. సున్నం ముక్కలు రెప్ప కింద ఇరుక్కుంటాయి, వాటిని కూడా కడగండి. తుడవకండి, నలపకండి. ఆముదం, ఆకు పసరు, తల్లిపాలు, ఏవీ వద్దు. దెబ్బ తగిలి కన్ను చిట్లిందనిపిస్తే మాత్రం కడగకండి, ఒత్తకండి. పైన గిన్నె లాంటిది అడ్డం కట్టి నేరుగా ఆసుపత్రికి పరుగెత్తండి. రజను పడితే అగ్గిపుల్లతో, పంచె కొసతో తీయించుకోకండి. చెనక్కాయల కోతల్లో ఆకు, మట్టి తగిలి కన్ను ఎర్రబడితే మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోకండి. ఫంగస్ ఉంటే ఆ చుక్కలతో అది ఇంకా చెలరేగుతుంది.

మిల్లులో అడగవలసింది అడగాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ కంటికి అద్దాలు, అడ్డుతెరలు ఇవ్వాలని చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్లు వచ్చి ఆ చట్టం స్థానం తీసుకున్నాయి. చట్టం పేరు మారింది గాని, ప్రమాదం లేని పనిచోటు ఇవ్వవలసిన బాధ్యత యజమానికి పోలేదు. కాబట్టి మన డిమాండ్లు ఇవి:

1. కాస్టిక్, బ్లీచింగ్, ఆసిడ్ వాడే ప్రతిచోటా పది అడుగుల్లో కన్ను కడిగే కొళాయి ఉండాలి. దానికి తాళం వేయకూడదు.

2. బదిలీ, కాంట్రాక్టు కార్మికులకు కూడా కంటి అద్దాలు ఇవ్వాలి. మసకబారినవి మార్చాలి.

3. కంట్లో మందు పడితే గేటు పాసు కోసం ఎదురు చూడకూడదు.

4. ప్రతి కంటి దెబ్బా ఆ రోజే ప్రమాదాల రిజిస్టరులో ఎక్కాలి.

నాలుగోది ఎందుకంటే, రాత లేకపోతే పరిహారం లేదు. 1923 నాటి పరిహార చట్టం పట్టికలో, ఒక కన్ను పోతే 40 శాతం, గుడ్డు ఉండి ఒక కంటి చూపు పోతే 30 శాతం సంపాదనా శక్తి నష్టమని రాశారు. నా జతగాడికి ఆ 30 శాతం కూడా దక్కలేదు. ప్రమాదం మిల్లులో జరిగినట్టు కాగితం లేదు. ఆ రోజు కాగితం రాయించవలసిన బుద్ధి కూడా నాకు లేకపోయింది.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. హైదరాబాదు జెల్లు దానం చేసిన కళ్ళ నుంచి వచ్చింది. మార్పిడికి పనికిరాని కార్నియా కూడా వృథా కాలేదు. 2021 అక్టోబరులో పునీత్ రాజ్‌కుమార్ చనిపోయినప్పుడు ఆయన రెండు కళ్ళు నలుగురికి చూపు ఇచ్చాయి. సినిమా హీరోలకే కాదు, మనకూ రెండు కళ్ళున్నాయి. చనిపోయిన ఆరు గంటల్లోపు కంటి బ్యాంకుకు ఫోన్ చేయాలి. వాళ్ళు వచ్చేదాకా రెప్పలు మూసి, తడి దూది వేసి, ఫ్యాను ఆపాలి. బయట పుస్తకం పెట్టాం. నా పేరు మొదట రాశాను. ఇష్టమున్నవాళ్ళు ఇంట్లో చెప్పి మరీ రాయండి. ఆ పూట ఫోన్ చేయవలసింది ఇంట్లోవాళ్ళే కదా.

రేపు ఆ జెల్లు నిజంగా ఆసుపత్రికి వస్తుంది అనుకుందాం. అప్పుడు అది పెద్ద పట్నాల్లో డబ్బున్నవాళ్ళ కంటికే పోకుండా, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి అలమారలోకి కూడా రావాలి. అది అడగడం మన పని. ఈలోగా పది అడుగుల్లో ఒక కొళాయి ఉంటే చాలు. 1991లో అది ఉండి ఉంటే, ఈ రోజు నా జతగాడు ఈ సభలో ముందు వరుసలో కూర్చొని నన్ను రెండు కళ్ళతో చూసేవాడు.